12,000 ల్యూమెన్స్ ప్రొజెక్టర్ 8,499కే ఇస్తున్నారట, కొనమంటారా?

తాడేపల్లిగూడెం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం, కొంచెం కుదించి:

"అన్నా, మా మేడ మీద గది ఖాళీగా పడి ఉంది. పొడవు 15 అడుగులు, వెడల్పు 11, పడమటి వైపు రెండు కిటికీలు. కింద హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది కానీ అది అమ్మ సీరియల్స్‌కే సరిపోతోంది. పై గదిలో ప్రొజెక్టర్ పెట్టి రాత్రిళ్ళు సినిమాలు, ఆదివారాలు క్రికెట్ చూద్దామని పిల్లల గోల. 30 వేలు పెట్టగలను, మరీ తప్పదంటే 35. ఆన్‌లైన్‌లో 8,499కే 12,000 ల్యూమెన్స్, 4కె సపోర్ట్, 300 అంగుళాల బొమ్మ అని ఒకటి కనబడింది. మా బావమరిదేమో వాళ్ళ ఆఫీసులో తీసేసిన ప్రొజెక్టర్ 9 వేలకిస్తానంటున్నాడు, పెద్ద కంపెనీదే. మా ఫ్రెండ్ ఇవన్నీ దండగ, ఇంకాస్త వేసుకుని 55 అంగుళాల టీవీ కొనుక్కో అంటాడు. ఎవరి మాట వినమంటారు?"

మీ ఫ్రెండ్ మాటలో సగం నిజముంది, బావమరిది మాటలో పావు వంతు. ఆ 8,499 ప్రకటనలో మాత్రం డబ్బా రంగు తప్ప ఇంకేదీ నిజం కాదు. అది వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి.

మూడేళ్ళ క్రితం నేనూ అలాంటిదే కొన్నాను, నాది 10,000 ల్యూమెన్స్. ల్యూమెన్స్ అంటే ప్రొజెక్టర్ నుంచి వచ్చే మొత్తం వెలుగుకి కొలత. కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి, ఆ పేరుతో ఆ కంపెనీ ఇప్పుడు ఉందో లేదో కూడా అనుమానమే. మొదటి రాత్రి ఇంట్లో అందరం లైట్లన్నీ ఆర్పి కూర్చున్నాం, సినిమా మొదలైంది, పగటి సీన్లు ఫరవాలేదు గానీ రాత్రి సీన్ రాగానే ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. మా అమ్మాయి "నాన్నా, కరెంటు తక్కువొస్తోందా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండి, మర్నాడు ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ఒకటి వేసుకుని గోడ మీద 100 అంగుళాల తెల్ల బొమ్మ వేసి, దాన్ని మూడు నిలువు మూడు అడ్డం తొమ్మిది గడులుగా అనుకుని, ఒక్కో గడి మధ్యలో ఫోన్ పెట్టి కొలిచాను. నడిమి గడిలో 96 లక్స్ (చదరపు మీటరుకి ఇన్ని ల్యూమెన్స్ పడుతున్నాయని చెప్పే కొలత), మూలల్లో 44 దగ్గర, మొత్తం సగటు 62. 100 అంగుళాల బొమ్మ వైశాల్యం 2.75 చదరపు మీటర్లు, 62ను దానితో గుణిస్తే 170 ల్యూమెన్స్. పెట్టె మీద 10,000, గోడ మీద 170! ఫోన్ కొలత అంత కచ్చితం కాదు, ఒప్పుకుంటాను, పోనీ 200 అనుకుందాం, అయినా యాభయ్యో వంతే కదా.

నేను చేసింది యాన్సీ, అంటే అమెరికా ప్రమాణాల సంస్థ, ల్యూమెన్స్ కొలిచే పద్ధతికి నాటు రూపం. అసలు పద్ధతి కూడా ఇదే, తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీసి వైశాల్యంతో గుణించడం. కాబట్టి మీరు చూడాల్సింది 'యాన్సీ' లేదా 'ఐఎస్ఓ' (ఇది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) అన్న మాట పక్కన ఉన్న అంకె ఒక్కటే. ఉత్త 'ల్యూమెన్స్' అనో, 'ఎల్ఈడీ ల్యూమెన్స్' అనో, 'లైట్ సోర్స్ ల్యూమెన్స్' అనో రాసి ఉంటే ఆ అంకె చూసి మురిసిపోకండి. యాన్సీ అని రాసినవాళ్ళలోనూ కొంతమంది అంకెని బారెడు సాగదీస్తారు, అందుకే నేనైతే ఊరూ పేరూ లేని బ్రాండ్ అంకెలో సగమే నమ్ముతాను, కాస్త పేరున్న వాటిలో పావు వంతు తీసేస్తాను.

సరే, మీ గదికి ఎంత కావాలి? థియేటర్లో డిజిటల్ సినిమాకి తెర మీద ఉండాల్సిన వెలుగు 14 ఫుట్‌లాంబర్ట్‌లు అని ఒక ప్రమాణం ఉంది. పేరు చూసి భయపడకండి, మామూలు తెల్ల గోడ మీద చదరపు అడుగుకి 14 ల్యూమెన్స్ పడాలని దాని అర్థం. అంగుళాలు మూల నుంచి మూలకి కొలుస్తారు కదా, 100 అంగుళాల బొమ్మ అంటే ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, దగ్గర దగ్గర 30 చదరపు అడుగులు, అంటే 420 నిజమైన ల్యూమెన్స్. 90 అంగుళాలకి దిగితే 24 చదరపు అడుగులే, 340 చాలు. నా సలహా 90 అంగుళాలే. పది అంగుళాలు తగ్గిస్తే పిల్లలకి తేడా తెలియదు, వెలుగులో మాత్రం తెలుస్తుంది. అయినా అది మీ 43 అంగుళాల టీవీకి నాలుగింతలు పైనే, నాకు తెలిసి ఎవరూ చిన్నదయిందని అనరు. ఇక 300 అంగుళాలంటే 21 అడుగులకు పైగా వెడల్పు, మీ గోడ పదకొండడుగులు. మిగతా బొమ్మ పక్కింటివాళ్ళు చూడాలి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ మాటకొద్దాం. థియేటర్ ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు అంటే టీవీలవాళ్ళ కొలతలో 48 నిట్స్. మామూలు టీవీ ఏదైనా 250, 300 నిట్స్ ఇస్తుంది. అంటే ఐదారింతలు. పైగా ప్రొజెక్టర్‌కి నలుపు వేయడం చేతకాదు, నలుపు అంటే అక్కడ వెలుగు పడకపోవడమే, అందుకని లైట్లు వేస్తే మీ గోడ ఎంత తెల్లగా కనబడుతుందో సినిమాలో చీకటీ అంత తెల్లగానే ఉంటుంది. ఐపీఎల్ మధ్యాహ్నం మ్యాచ్ మూడున్నరకి, మీ కిటికీలు పడమటికి! ఎండ నేరుగా గదిలోకి వచ్చే వేళ, 35 వేలలో ఏ ప్రొజెక్టరూ ఆ ఎండతో పోటీ పడలేదు. ఏడున్నర మ్యాచ్ అయితే హాయిగా చూడొచ్చు. అందుకే అడుగుతున్నాను, మీరు చూసే క్రికెట్‌లో పగటిపూట ఎంత? ఎక్కువ భాగం అదే అయితే ఫ్రెండ్ మాటే వినండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కానీ కింద ఎలాగూ ఒక టీవీ ఉంది, పై గది రాత్రి సినిమాలకే అంటున్నారు, కాబట్టి మీ ఇంటికి ప్రొజెక్టరే సరిపోతుందని నాకనిపిస్తోంది. ఆ టీవీ మాత్రం అమ్మకండి, అమ్మగారి సీరియల్స్ కోసం మధ్యాహ్నం ప్రొజెక్టర్ వేయాల్సి వస్తే మీకు ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

అందుకని మొదటి ఖర్చు ప్రొజెక్టర్ మీద కాదు, కిటికీల మీద. బ్లాకౌట్ కర్టెన్లు రెండు కిటికీలకీ రెండు మూడు వేలవుతాయి. కర్టెన్ రాడ్డు కిటికీ కంటే అటూ ఇటూ అరడుగు ఎక్కువ ఉండేలా వేయించండి, లేకపోతే పక్క సందుల్లోంచి వెలుగు గీతలు గోడ మీద పడతాయి. పైన వెంటిలేటర్ ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు, ఒక అట్టముక్క కోసి దానికి నల్ల చార్టు అంటించి ఇరికించేయండి.

రెండోది గోడ. మీరు రంగు చెప్పలేదు గానీ మన ఇళ్ళల్లో మేడ మీద గదులకి మిగిలిపోయిన రంగులు వేస్తారు కదా, లేత పచ్చో, గులాబీయో. పచ్చ గోడ మీద సినిమా వేస్తే హీరోయిన్‌కి కామెర్లొచ్చినట్టు ఉంటుంది. ఆ గోడకి పుట్టీ పట్టించి, సాండ్‌పేపర్ కొట్టించి, మెరుపు లేని తెల్ల ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. పెయింట్ షాపులో 'షైన్' అన్నది ఇవ్వబోతారు, మ్యాట్ అని గట్టిగా అడగండి, మెరిసే గోడ మీద లెన్స్ వెలుగు మధ్యలో చంద్రుడిలా కనబడుతుంది. స్క్రీన్ ఇప్పుడే కొనొద్దు. ఆరు నెలలు గోడ మీద చూశాక మీకే తెలుస్తుంది కావాలో వద్దో.

బొమ్మ చుట్టూ మూడంగుళాల నల్ల వెల్వెట్ పట్టీ అంటిస్తే బావుంటుంది, దానికో కారణం ఉంది. మన తెలుగు సినిమాలు చాలావరకు స్కోప్, అంటే వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు. తెలుగులో 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు మొదటి స్కోప్ సినిమా, ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ప్రొజెక్టర్ బొమ్మేమో 16కి 9. కాబట్టి సినిమా వేసినప్పుడు పైనా కిందా కలిపి పావు వంతు తెర ఖాళీగా ఉంటుంది. మంచి ప్రొజెక్టర్‌లో ఆ ఖాళీ నల్లగా కనబడుతుంది, నాసిరకం దాంట్లో బూడిద రంగులో వెలుగుతూ రెండున్నర గంటలూ కళ్ళలో పొడుస్తుంది. షాపుకెళ్తే పాటల డెమో చూడకండి, ఏదైనా స్కోప్ సినిమా రాత్రి సీన్ వేయమనండి. ఆ రెండు పట్టీలు చూస్తే ప్రొజెక్టర్ జాతకం తెలిసిపోతుంది.

4కె సపోర్ట్ అన్నది ఇంకో మాయ. 4కె సినిమా ఇస్తే తీసుకుంటాను అనడమే అది, చూపిస్తానని కాదు. లోపల బొమ్మని తయారుచేసే ప్యానెల్ 1280 బై 720 చుక్కలదైతే 83 లక్షల చుక్కల బొమ్మని నలిపి 9 లక్షల చుక్కల్లో చూపిస్తుంది. మీరు వెతకాల్సిన మాట 'నేటివ్ 1080పి', అంటే 1920 బై 1080, దాదాపు 21 లక్షల చుక్కలు. తొంభై అంగుళాల బొమ్మని తొమ్మిది పదడుగుల దూరం నుంచి చూడటానికి అది చక్కగా సరిపోతుంది. ఈ డబ్బుకి నిజమైన 4కె ఆశించకండి, ఎవరైనా ఇస్తామన్నారంటే ఇంకేదో కోత కోశారన్నమాట.

ఇక ఎక్కడ పెట్టాలి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రొజెక్టర్ వివరాల్లో 'త్రో రేషియో' అని ఒక అంకె ఉంటుంది, బొమ్మ వెడల్పుని దానితో గుణిస్తే గోడ నుంచి ఎంత దూరంలో పెట్టాలో వస్తుంది. ఈ ధరలో ఎక్కువగా 1.2 దగ్గర ఉంటాయి. 90 అంగుళాల బొమ్మ వెడల్పు ఆరున్నర అడుగులు, అంటే ప్రొజెక్టర్ గోడకి దాదాపు ఎనిమిదడుగుల దూరంలో ఉండాలి. మీ గది పొడవు పదిహేను, సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా మధ్యలో, ఏడున్నర అడుగుల దగ్గర ఉంటుంది కదా? సీలింగ్‌కి బిగిద్దామనుకుంటే సరిగ్గా ఫ్యాన్ రెక్కలో నెత్తి పెట్టినట్టే. నాకు తెలిసిన ఒకాయన ఫ్యాన్ వెనకాల బిగించాడు, ఫ్యాన్ వేస్తే సినిమా అంతా పాతకాలం మూకీ చిత్రంలా టకటకా ఆడింది, ఆపితే చెమట, చివరికి గోడ ఫ్యాన్ కొన్నాడు. మీరు టీపాయ్ మీద పెట్టుకోండి, వైరు పిల్లల కాళ్ళకి తగలకుండా గోడవారగా తెచ్చి టేప్ వేయండి. వెనక గోడ మీద షెల్ఫ్ అనుకుంటారేమో, పదిహేనడుగుల నుంచి అదే ప్రొజెక్టర్ పన్నెండున్నర అడుగుల వెడల్పు బొమ్మ వేస్తుంది, మీ గోడకి పట్టదు.

టీపాయ్ ఎత్తు కూడా చూసుకోవాలి. కొన్నిట్లో బొమ్మ అడుగు భాగం లెన్స్ మట్టానికి వస్తుంది, కొన్నిట్లో లెన్స్‌కి సగం పైన సగం కింద వస్తుంది. రెండో రకం అయితే టీపాయ్ మీద పెట్టి ముందు కాళ్ళు లేపాలి, లేపితే బొమ్మ పైన వెడల్పయి ట్రెపీజియంలా తయారవుతుంది. 'ఆటో కీస్టోన్' ఉంది, సరిచేసేస్తుంది అంటారు. సరిచేస్తుంది, కానీ ఎలాగంటే మూలల్లో చుక్కల్ని ఆర్పేసి, మీరు డబ్బు పెట్టి కొన్న 1080పిలోంచి కోసుకుని. కొద్దిగా అయితే పట్టించుకోనక్కర్లేదు, మరీ పక్కనుంచి ఏటవాలుగా వేసి కీస్టోన్ మీద భారం వేయొద్దు.

మళ్ళీ నా పాత ప్రొజెక్టర్ గుర్తొచ్చింది. కొన్న నాలుగో నెలలో హీరో బుగ్గ మీద పుట్టుమచ్చ వచ్చింది. తర్వాతి సీన్లో అది ఆకాశంలోకెళ్ళింది. లోపల ప్యానెల్ మీద దుమ్ము పడిందన్నమాట. ఆర్నెల్లకి ఒక చిన్న పురుగు కూడా చేరింది, కాళ్ళతో సహా గోడ మీద జానెడు పొడవున కనబడేది, మా పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు. చవక ప్రొజెక్టర్లలో గాలి ఫ్యాన్ నేరుగా ప్యానెల్ మీదికే ఊదుతుంది, అందుకే ఈ తిప్పలు. 'సీల్డ్ ఆప్టికల్ ఇంజన్' అని రాసి ఉన్నదే తీసుకోండి, అందులో లెన్స్ నుంచి ప్యానెల్ దాకా మూసేసి ఉంటుంది. మీ వైపు రైస్ మిల్లుల ఊక బూడిద గాలిలో తేలుతూ ఉంటుంది కదా, డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్ల నలకలు పడే ఊళ్ళో సీల్ లేని ప్రొజెక్టర్ ఏడాది తిరగదు.

మేడ మీద గది కాబట్టి ఎండాకాలం గురించీ చెప్పాలి. చాలా ప్రొజెక్టర్ల మాన్యువల్‌లో 35 లేదా 40 డిగ్రీల లోపు వాడమని రాసి ఉంటుంది. మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా స్లాబ్ కింద గది పొయ్యిలా ఉంటుంది, ఆ వేడికి ప్రొజెక్టర్ ఫ్యాన్ విమానంలా మోగి, ఇంటర్వెల్ ముందు దానంతటదే ఆగిపోవచ్చు. ఏసీ లేకపోతే ఆ రెండు నెలలు తొమ్మిది దాటాక వేసుకోండి, గాలి లోపలికెళ్ళే జాలీ దగ్గర తలగడలూ దుప్పట్లూ లేకుండా చూసుకోండి.

మీ డబ్బు నేనైతే ఇలా పెడతాను. నేటివ్ 1080పి, సీల్డ్ ఇంజన్, ఎల్ఈడీ, యాన్సీ 500 లేదా ఆ పైన ఉన్నది 20 నుంచి 25 వేలలో. ఎల్ఈడీ అయితే 20,000 గంటలు అలా రాసి ఉంటుంది, రోజుకి మూడు గంటలు చూసినా పద్దెనిమిదేళ్ళు, అప్పటికి మీకే విసుగొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత ధరల లెక్క చెప్పే దుకాణదారుతో ఆ మాట అనండి. బిల్లు తీసుకోండి, సర్వీస్ ఎక్కడ చేస్తారో అడగండి, రాజమండ్రో విజయవాడో అయితే సరే, 'కొరియర్ చేయండి' అంటే ఆలోచించండి. హైదరాబాద్ ఎప్పుడైనా వెళ్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఒక పూట తిరగండి, కొనకపోయినా బొమ్మలు పక్కపక్కన చూస్తే కంటికి లెక్క దొరుకుతుంది.

'ఆండ్రాయిడ్ ఉంది, అన్నీ వస్తాయి' అన్న మాట నమ్మి మోసపోకండి. ప్రొజెక్టర్లో ఉండే ఆండ్రాయిడ్‌కి లైసెన్స్ లేకపోతే నెట్‌ఫ్లిక్స్ లాంటివి తెరుచుకోవు, తెరుచుకున్నా మసకగా పాత డీవీడీలా వస్తాయి. నాలుగైదు వేలలో వచ్చే స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐలో పెట్టుకుంటే ఆహా, జియోహాట్‌స్టార్, ప్రైమ్ అన్నీ శుభ్రంగా ఆడతాయి. ఆ స్టిక్‌కి కరెంటు ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, దాని సొంత అడాప్టర్ గోడకి పెట్టండి, లేదంటే మధ్యలో రీస్టార్ట్ అవుతూ టెన్షన్ పెడుతుంది.

సౌండ్‌కి కొత్తగా ఏమీ కొనొద్దు. ప్రొజెక్టర్ స్పీకర్ వార్తలకి పనికొస్తుంది, సినిమాకి కాదు. ఇంట్లో పాత 2.1 స్పీకర్లు ఏ అటక మీదో ఉండే ఉంటాయి, అవి దించి ప్రొజెక్టర్ ఆడియో పిన్ను నుంచి వైరుతో కలపండి. బ్లూటూత్ పెడితే పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది, డబ్బింగ్ సినిమా చూసినట్టుంటుంది. స్పీకర్లు బొమ్మ కింద పెట్టండి, మీ వెనక కాదు.

డబ్బా ఇంటికి రాగానే పెట్టె పారేయకండి. వాపస్ గడువు ఎన్ని రోజులో చూసుకుని ఆ లోపల రెండు రాత్రులు వరసగా రెండేసి గంటలు ఆడించండి. తెల్ల బొమ్మ వేసి మచ్చలున్నాయేమో, అక్షరాలు వేసి నాలుగు మూలలూ ఒకేలా ఫోకస్ అవుతున్నాయో లేదో చూడండి. మధ్యలో స్పష్టంగా ఉండి మూలలు అలుక్కుపోతుంటే వాపస్ ఇచ్చేయండి, అది సర్దుకునే రోగం కాదు.

బావమరిది సంగతి చివరికి ఎందుకు పెట్టానంటే అది ప్రొజెక్టర్ సమస్య కాదు కాబట్టి. ఆఫీసు ప్రొజెక్టర్లలో 3,000 ల్యూమెన్స్ అని ఉంటే చాలావరకు నిజమే, ఆ పావు వంతు నిజం అదే. కానీ అవి ఎక్కువగా 1024 బై 768, నాలుగుకి మూడు ఆకారం, దాని మీద స్కోప్ సినిమా వేస్తే 768 గీతల్లో 428 మాత్రమే వాడుకుని మిగతా తెర ఖాళీగా ఉంటుంది. పైగా లాంపు రకం. మెనూలో 'లాంప్ అవర్స్' చూడండి, మూడు వేలు దాటి ఉంటే కొత్త లాంపు ఖర్చు మీ నెత్తిన పడుతుంది, కరెంటు పోయినప్పుడు చల్లారకుండా ఆగిపోవడం దానికి మంచిది కాదు, మీ ఊళ్ళో కరెంటు సంగతి మీకే తెలుసు. ఒకవేళ అది 1920 బై 1080దై, గంటలు వెయ్యి లోపు ఉంటే మాత్రం నా మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను, 9 వేలకి కళ్ళకద్దుకుని తెచ్చుకోండి.

కాకపోతే మొహం మీద వద్దనకండి, ఇంట్లో మీ ఆవిడ ముందు అది ఇంకోలా వినబడుతుంది. వచ్చే ఆదివారం రాత్రి భోజనానికి వాళ్ళింటికే వెళ్ళి, "బావా, ఇక్కడే ఒక సినిమా వేసి చూద్దాం" అనండి. స్కోప్ సినిమా, రాత్రి సీన్లు ఎక్కువున్నది. ఇంటర్వెల్‌కల్లా ఆయనే, "ఇది ఇక్కడే ఉండనీలే, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటాడు.